మానిన గాయం

బస్సు డిపోలో టైర్లకు గాలి కొడుతుండగా డ్రైవరు ఛాతీలోని పెట్టె మళ్లీ షాకు కొట్టింది. గుండెపోటు తర్వాత, గుండె లయ తప్పితే షాకిచ్చి కాపాడుతుందని అమర్చిన పెట్టె అది. ఆనాటి నుంచి ఆయన చేతికి స్టీరింగు ఇవ్వడం లేదు. తోటివాళ్లు ‘కరెంటు బావ’ అంటుంటే ఒళ్లు మండిపోతోంది.

“గుండెపోటు చేసిన పాత గాయం మచ్చలో కరెంటు దారితప్పి గిరగిరా తిరుగుతోంది. తొడ దగ్గర్నుంచి సన్నటి తీగ గుండెలోకి పంపి ఆ దారుల్ని కాల్చేస్తాం,” అన్నాడు గుండె డాక్టరు.

“గాయం మానిపోయిందని చెప్పింది మీరే కదండీ?”

“మానింది. మానితేనే మచ్చ పడేది.”

“ఆ ముక్క అప్పుడే చెప్పడానికి నోరు పడిపోయిందా?” డ్రైవరు బల్ల చరిచాడు.

“సిగరెట్లు మానమంటే డాక్టరు దగ్గరికి రావడమే మానేశారు. ఎవరితో చెప్తారు పాపం?” అంది భార్య.

డ్రైవరు ఆమెను కొరకొరా చూసి, డాక్టరు వైపు తిరిగాడు. “కాలిస్తే బస్సు ఇస్తారా?”

“షాకులు తగ్గొచ్చు. పెట్టె ఉన్నంతకాలం బస్సు ఇవ్వరు.”

“కాల్చేది నన్ను, నడిపేది ఇంకొకడు.”

“మీకు షాకు కొట్టినప్పుడల్లా గుండె ఆగేది నాకు,” అంది భార్య. “బస్సు కోసం వద్దు, నా నిద్ర కోసం కాల్పించుకోండి.”

మర్నాడు కోపం తగ్గకుండానే ఆయన ఆపరేషన్ బల్ల ఎక్కాడు. మచ్చ అంచున పదిహేడు చోట్ల కాల్చారు.