కరెంటు అందని పెన్ డ్రైవ్

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాదనకు దిగే మనిషిని నేను. తిరుపతిలో కంప్యూటర్ రిపేరు షాపు నడిపేవాణ్ణి. మానిటర్ దానంతటదే వెలుగుతోందని భయపడి వచ్చినవాళ్లకు వదులైన తీగ చూపించి, నాలుగు మాటలని పంపేవాణ్ణి. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మా ఆవిడ దెప్పుతుంది. అలాంటివాణ్ణి ఈ సంగతి రాస్తున్నానంటే, ఇక దాచుకోలేకే.

రెండు వేల ఆరు అనుకుంటా, ఎండాకాలం. మిట్టమధ్యాహ్నం శ్రీకాళహస్తి నుంచి భారతి అనే అమ్మాయి వచ్చింది. వాళ్లింట్లో కలంకారీ పని. బట్ట మీద గీత గీసేది వాళ్ల నాయన. రంగులు నింపేది భారతి, ఆ వీధిలోని మరికొందరు ఆడవాళ్లు. ఆయన అంతకు ముందు ఏడాది పోయారు. తర్వాత తుఫాను వానలకు ఇల్లు కారి, ఆయన గీసిన కాగితాలన్నీ ముద్దయిపోయాయి.

ఆయన ఉండగానే వాటిని స్కాన్ చేయించి పెన్ డ్రైవ్‌లో పెట్టుకుంది కాబట్టి సరిపోయింది. మిగిలింది అదొక్కటే. భారతికి రంగు తెలుసు గానీ గీత రాదు. ఆ బొమ్మలు పోతే ఆ ఇంట్లో పనే ఉండదు, పైగా తండ్రి చేతి గుర్తు కూడా పోయినట్టే.

ఆ పెన్ డ్రైవ్‌లో ఒకరోజు లైటు వెలగలేదట. మేనమామ మునిరాజు చేతికిచ్చింది. ఆయన బోరు మోటార్లు బాగుచేసే మనిషి. మా వైపు మోటారు ఫ్యూజు మాటిమాటికీ కొట్టేస్తుంటే, సన్న తీగ పీకేసి లావు రాగి తీగ చుట్టేస్తారు. నీళ్లు పారితే చాలు, మోటారు సంగతి దేవుడెరుగు. ఆయన ఆ విద్యే ఇక్కడా చూపించాడు.

కంప్యూటరు నుంచి పెన్ డ్రైవ్‌లోకి ఐదు వోల్టుల కరెంటు వస్తుంది. ఆ దారి మొదట్లో ఆవగింజంత ఫ్యూజు, దాని వెనక వోల్టేజీ తగ్గించే చిన్న చిప్పు. కరెంటు ఎక్కువైతే ఫ్యూజు ముందు తాను పోయి, లోపల ఉన్నదాన్ని కాపాడుతుంది. మునిరాజు పోయిన ఫ్యూజు తీసేసి రాగి పోగులు అతికించాడు. కంప్యూటరుకు పెట్టగానే కాలిన వాసన. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది.

ఆయన కూడా భారతి వెంట వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "మోటరుకు ఏసినట్టే ఏసినానప్పా. పాప ఏడస్తా ఉంటే సూడలేకపోయినా" అన్నాడు. బాగా తిట్టాలనే అనుకున్నాను. ఆ ముఖం చూశాక పెన్ డ్రైవ్ విప్పడానికి కూర్చున్నాను.

రాగి పోగులు పీకేశాను. మాడిన చిప్పునూ తీసేశాను. ఇప్పుడు కరెంటు దారి రెండు చోట్ల తెగి ఉంది. కొత్తవి వేసే ముందు, బయటి నుంచి కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూద్దామని కంప్యూటరుకు పెట్టి మీటరు ఆనించాను. తెగిన చోటుకు ఇవతల ఐదు వోల్టులు. అవతల సున్నా. అలాగే ఉండాలి కూడా.

లైటు వెలిగింది.

మీటరు చెడిపోయిందనుకుని ఇంకోటి తెచ్చాను. అవతల సున్నానే. తెర మీద మాత్రం బొమ్మలు ఒక్కొక్కటే వస్తున్నాయి. భారతి నా వెనకే నిలబడి ఏడుస్తోంది. ఎలా అని ఆలోచించే తీరిక ఎక్కడిది? అన్నీ కాపీకి పెట్టాను. చివరి బొమ్మ కూడా వచ్చింది. అది రాగానే లైటు ఆరిపోయింది.

తెలిసిన ఇంజనీరు ఒకాయన, పక్కనున్న డేటా తీగల్లోంచి దొంగ కరెంటు పారి ఉంటుందన్నాడు. నాకూ అదే సబబనిపించింది. వేరే పెన్ డ్రైవ్‌లు తెచ్చి అచ్చం అలాగే కోసి చూశాను. ఒక్కటీ మిణుక్కుమనలేదు.

భారతిది మాత్రం కొత్త ఫ్యూజు, కొత్త చిప్పు వేసి బాగుచేశాను. ఈసారి కరెంటు అన్ని చోట్లకూ చక్కగా అందింది. లైటు వెలగలేదు. మెమరీ చిప్పులు బాగుచేసే చెన్నై మిత్రుడికి పంపాను. రాగి పోగులు పెట్టినప్పుడే బొమ్మలుండే మెమరీ చిప్పు కూడా కాలిపోయిందనీ, ఆ తర్వాత దానిలోంచి ఒక్క బొమ్మ కూడా వచ్చే వీల్లేదనీ ఫోన్లో చెప్పాడు. వచ్చాయని నేనంటే నవ్వాడు.

తిరిగిచ్చేద్దామని శ్రీకాళహస్తి వెళ్లాను. ఆ బొమ్మలు అచ్చు తీసి, బట్ట మీదికి ఎక్కించి, ఆడవాళ్లు రంగులు వేస్తున్నారు. చెన్నై మాటలన్నీ భారతికి చెప్పాను. ఇంకొకరికి పంపి చూస్తానని, అసలు సంగతి తేలేదాకా నాకు నిద్ర పట్టదని అన్నాను.

"మా నాయన అంతేన్నా. పట్టిన పని ముగిసేదాకా పీట మీంచి లేసేవాడు కాదు" అంది, చేతిలోని రంగు కొంగుకు తుడుచుకుంటూ. "పనయిపాయ గదా. ఇంక ఆయన్ని లేపొద్దన్నా."

పెన్ డ్రైవ్ ఆమె చేతిలో పెట్టి వచ్చేశాను. ఆ లైటుకు కరెంటు ఎక్కడి నుంచి అందిందో నాకు ఇప్పటికీ తెలియదు.