పోశెట్టి కూత తెగిన ఆట

నా ఉద్యోగంలో ఆఖరి బదిలీ ఆదిలాబాద్ రేడియో కేంద్రానికి. రిటైర్‌మెంట్ ఇంకా మూడేళ్లుందనగా, మృగశిర కార్తె రోజుల్లో డ్యూటీ ఆఫీసర్‌గా చేరాను. ఇల్లు కరీంనగర్‌లో, అద్దె గది ఆదిలాబాద్‌లో. వారానికోసారి బస్సులో నడుం విరగ్గొట్టుకోవడం తప్ప ఆ పోస్టులో విశేషం లేదు. డ్యూటీ ఆఫీసర్ అంటే ప్రసారమయ్యే ప్రతి మాటకూ జవాబుదారీ. మాట పండితే పేరు అనౌన్సర్‌కు, ఎండితే మెమో మాకు.

అక్కడ కబడ్డీ వ్యాఖ్యానం చెప్పేవాడు పోశెట్టి. బోథ్ దగ్గరి ఊరివాడు. ఒకప్పుడు పేరున్న ఆటగాడు, ఆట మానేశాక మైకు పట్టాడు. వ్యాఖ్యాత ఎవరి పక్షమూ వహించకూడదు, కాసేపటికోసారి స్కోరు చెప్పాలి అన్నవి మా నిబంధనలు. అతను స్కోరు మరిచిపోయేవాడు గాని, కూతకు పోయినవాడు ఉత్త చేతులతో తిరిగొస్తే "పొద్దుగాల జొన్న గట్క తాగి రాలేదా బిడ్డా" అనడం మాత్రం మరిచేవాడు కాదు. పసుపుపచ్చ చొక్కా, నల్ల కళ్లద్దాలు లేకుండా స్టూడియో గడప తొక్కేవాడు కాదు. రేడియోలో ఇవెవరికి కనబడతాయయ్యా అని ఒకసారి విసుక్కుంటే, "నేను పెట్టుకున్ననని నాకెర్క గద సార్" అన్నాడు. అతని మీద పైకి ఎన్ని నోట్లు రాసి అలసిపోయానో నాకే తెలుసు. శ్రోతలకు మాత్రం అతనంటే ప్రాణం.

అతను గుండెపోటుతో పోయాక, సంతాపంగా ఒక సాయంత్రం ఫోన్-ఇన్ పెట్టమన్నారు మా డైరెక్టర్. అంటే శ్రోతలు ఫోన్ చేసి నేరుగా ప్రసారంలో మాట్లాడటం. ఫోన్ ముందు డ్యూటీ రూమ్‌కు వస్తుంది. పేరు, ఊరు, ఏం మాట్లాడతారో నేను అడిగి, సరే అనుకుంటేనే లైను స్టూడియోకు కలుపుతాను. అనకూడని మాటేదైనా ఉంటే అది నా దగ్గరే ఆగిపోవాలి.

పోశెట్టి భార్య రుక్మాబాయిని స్టూడియోకు పిలిచాం. ఆమె ముందుగా నా గదికి వచ్చి కూర్చుంది. వాళ్ల ఊరివాళ్లెవరైనా ఫోన్ చేస్తే తప్పకుండా లైను ఇవ్వమని అడిగింది. ఎందుకని అడిగితే చెప్పింది.

పోశెట్టి ఆడిన ఆఖరి ఫైనల్ ఆమె పుట్టినూరి జట్టు మీద. అది జైనూర్ వైపు ఊరు. ఆఖరి కూతకు పోయి ఇద్దరిని తాకి వచ్చాడు. అంపైర్ పాయింట్లిచ్చాడు, జనం ఎగిరారు. పోశెట్టి చెయ్యెత్తి, నా కూత మధ్యలో తెగింది, నేను ఔట్ అన్నాడు. కూత తెగితే ఔటే. కాని ఆ గోలలో అంపైర్‌కు వినబడలేదు. ఆట పోయింది. అత్తగారి ఊరికి ఆట అప్పజెప్పాడని ఊరంతా ఆడిపోసుకుంది. జట్టులో మళ్లీ చోటివ్వలేదు. ఆ మాట ఆయన నవ్వి దులిపేసుకున్నా, బావి దగ్గరా నాట్లలోనూ ఆమెకు తప్పలేదు.

"ఒక్కలన్న చెప్పాలె సారూ, గాయిన కూత నిజంగనే తెగిందని. గీ నింద మొయ్యలేక సచ్చిపోతున్న," అంది.

ప్రసారం మొదలైంది. హుజూరాబాద్ నుంచి ఒకరు అతని గట్క మాట అనుకరించారు. దుబాయ్ నుంచి ఒక కుర్రవాడు, క్యాంపులో అందరం ఫోన్‌లో వినేవాళ్లమన్నాడు. అందరూ నవ్వించారు. అద్దంలోంచి చూస్తే రుక్మాబాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

హైదరాబాద్ వార్తల రిలేకు కొద్ది నిమిషాలుందనగా విఠల్ ఫోన్ చేశాడు. పోశెట్టి ఊరివాడే, ఆనాటి జట్టుకు కెప్టెన్. ఏం మాట్లాడతారని అడిగాను.

"గా దినం నేను గీతకాడనే ఉన్న సార్. కూత తెగింది నాకు ఇనవడ్డది. ఊరోళ్లకు భయపడి చెప్పలే. ఇయ్యాల చెప్త."

వెంటనే లైను కలిపాను.

విఠల్ మాట్లాడాడు. పోశెట్టి కళ్లద్దాల గురించి చెప్పాడు. అవి పెట్టుకునే ఒకసారి ఎడ్లబండి మీంచి పడ్డాడని చెప్పాడు. అనౌన్సర్ పగలబడి నవ్వింది. అసలు మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుందని నేను రిసీవర్ పట్టుకు నిలబడ్డాను. ఆత్మకు శాంతి కలగాలని చెప్పి పెట్టేశాడు. హైదరాబాద్ వార్తలు అందుకున్నాయి. రిలేను ఒక్క క్షణం ఆపే అధికారం మాకు లేదు.

వెంటనే అదే నంబర్‌కు చేశాను. ఎత్తలేదు. నాకు ఒళ్లు మండింది. స్టూడియోలోకి వెళ్లి, విఠల్ నాతో అన్నదంతా ఆమెకు చెప్పాను. ఊరట పడుతుందనుకున్నాను. ఆమె హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"నాకు చెప్తె ఏమొస్తది సారూ. గాయిన అబద్ధమాడడని నాకు గా దినమే ఎర్క. ఊరు ఇనాలె," అంది. ఆఖరి బస్సు దాటిపోతుందని లేచింది.

ఆ తరువాత రిటైరయ్యే దాకా ఎన్నో ఫోన్-ఇన్‌లు నడిపాను. మా నిబంధనలన్నీ అనకూడని మాటను ఆపడానికే రాశారు. అనవలసిన మాటను అనిపించే నిబంధన నాకు ఒక్కటీ కనబడలేదు.