ట్యాంకులో ఎర్రపురుగులు

పళ్ళు తోముకుంటుంటే నోట్లో ఏదో కదిలింది. ఉమ్మేసి చూశాను. తెల్లటి సింకులో, పేస్టు నురగ మధ్య, సన్నటి ఎర్ర దారప్పోగు లాంటి పురుగొకటి మెలికలు తిరుగుతోంది. ఛీ! ఇన్నేళ్ళు ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెప్పినదాన్ని, కప్పల్నీ బొద్దింకల్నీ చేత్తో పట్టుకుని కోసినదాన్ని, ఆ పొద్దున్న సింకు అంచు పట్టుకుని పేగులు బయటికొచ్చేలా కక్కుకున్నాను. పురుగుని లేబొరేటరీ బల్ల మీద చూడటం వేరు, నాలిక మీద చూడటం వేరు.

సీతమ్మధారలో మాది పాత అపార్ట్‌మెంటు. నేను రిటైరైన ఏడాది మాట ఇది. అరగంటలో మా వాట్సాప్ గ్రూపు నిండా పురుగుల ఫొటోలే. బకెట్లో పురుగు, ఆక్వేరియంలో పురుగు, ఇడ్లీపిండిలో పురుగు. ఆ ఇడ్లీపిండి ఫొటో కింద ఎవరో దండం పెడుతున్న చేతుల బొమ్మ పెట్టారు. దండం దేనికో ఆ దేవుడికే తెలియాలి.

సాయంత్రం సెల్లారులో, కార్ల మధ్య కుర్చీలు వేసుకుని మీటింగు పెట్టారు. మా సెక్రటరీ గోదావరి జిల్లా నుంచి వచ్చి పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. నీళ్ళ సంగతి మాట్లాడతారనుకుంటే ఆయన నేరుగా వాచ్‌మన్ భార్య సంగతి ఎత్తారు.

"ఇంకేముందండీ, ఆవిడ మేడ మీద ఎండేసే చేపలకి పట్టిన పురుగులే మన ట్యాంకులో పడతన్నాయి. ఆ చేత్తోనే ట్యాంకు మూత తీసుద్ది, ఆ చెయ్యే ముంచి బిందె నింపుకుంటది."

"ముంచడం మీరు చూశారా?" అన్నాను.

"చూడాలేంటండీ? వాసన తెలవట్లేదా?"

చూడక్కర్లేదట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఆదివారం వస్తే తెల్లారకముందే స్కూటరేసుకుని ఫిషింగ్ హార్బరుకి పోయి, చందువా చేప మొప్పలు ఎత్తి చూసి బేరమాడే పెద్దమనిషి ఈయనే. ఆయన వంటింట్లో ఉడికితే కమ్మదనం, ఆవిడ ఎండబెట్టుకుంటే కంపు!

వాచ్‌మన్ దంపతులు ఆ సెల్లారులోనే, మెట్ల కింద గదిలో ఉండేవారు. అతను గేటు చూసుకుంటాడు. ఆమె మెట్లు ఊడ్చి, రెండు ఫ్లాట్లలో అంట్లు తోముతుంది. ఆమె పుట్టిల్లు భీమిలి వైపు సముద్రపొడ్డున. ఇప్పటికీ అన్నదమ్ములు వేటకి వెళతారు. వాళ్ళు పంపే చిన్న చేపల్ని ఉప్పు రాసి, మేడ మీద ఓ మూల గోనె పరిచి ఎండేసుకునేది. కూతురు పక్క వీధి బడిలో పదో తరగతి. మీటింగులో తేల్చిందేమిటంటే, నెలాఖరుకల్లా వాళ్ళు గది ఖాళీ చెయ్యాలి. గది పోతే ఉద్యోగం పోతుంది, పరీక్షల ముందు ఆ పిల్ల బడీ పోతుంది. ఆ ముక్క ఒక్కరైనా తలుచుకోలేదు. నలుగురితో నారాయణా అని తలలూపేశారు.

నేను లేచాను. చేపకి పట్టే పురుగు తెల్లగా లావుగా ఉంటుందనీ, అది ఈగ పిల్ల అనీ చెప్పాను. ఇది ఎర్రగా సన్నగా ఉందనీ, దోమలాగే ఉండి మనల్ని కుట్టని పురుగొకటి నీళ్ళల్లో గుడ్లు పెడితే పుట్టే పిల్ల ఇదనీ చెప్పాను. వానాకాలం సాయంత్రం ట్యూబులైటు చుట్టూ ముసిరేవి అవే, మూతలో ఎక్కడో సందుంటుంది చూడండి అన్నాను. ఎవరు వింటారు! పై అంతస్తులో స్టీలు ప్లాంటు ఉద్యోగి ఒకాయన ఉన్నాడు, ఈ ఊరివాడే. వాళ్ళబ్బాయి నా దగ్గర చదువుకున్నాడు. ఆయన నవ్వుతూ చెయ్యెత్తాడు.

"మేడమ్, గుడ్లెందుకండీ? వాటంతటవే పుట్టకూడదేటి? మొట్టమొదట జీవం నీళ్ళల్లోనే పుట్టిందని మావోడికి మీరే కదా పాఠం సెప్పారు? మరి మన ట్యాంకులో నీళ్ళు ఏం పాపం సేసాయి?"

సెల్లారంతా గొల్లుమంది. చదువు చెప్పినందుకు నాకు దక్కిన గురుదక్షిణ అది.

"సెప్పానండీ, సెప్పాను," అన్నాను వెక్కిరింపుగా. "అప్పుడు గాల్లో ఆక్సిజన్ లేదు. పుట్టినదాన్ని తినేయడానికి ఇంకో ప్రాణి లేదు. కోట్ల ఏళ్ళు ఆ నీళ్ళల్లో రసాయనాలు కలుస్తూ విడిపోతూ ఎలాగో ఒక కణమైంది. ఎలా అయ్యిందో ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ తెలీదు. అయినా ఆ పుట్టింది కంటికి ఆనని నలుసండీ బాబూ! తలా నోరూ పేగూ ఉన్న పురుగు రాత్రికి రాత్రి మీ సిమెంటు ట్యాంకులో ఊడిపడుతుందా?"

"మీరు పుస్తకంలో ముక్కలు చెబుతున్నారు. మాకు రుజువు కావాలి," అన్నారు సెక్రటరీ.

ఆ మాట విని, నిజం చెబుతున్నాను, నాకు సంతోషమేసింది. కొన్ని వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఒక వైద్యుడు మాంసం ముక్కల్ని సీసాల్లో పెట్టి, కొన్నిటికి గుడ్డ కట్టి, కొన్నిటిని తెరిచి వదిలేశాడు. ఈగ వాలిన మాంసానికే పురుగు పట్టిందని చూపించాడు. ఆ పాఠం చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది కానీ, ఒక్క పిల్లా ఒక్క సీసా పెట్టిన పాపాన పోలేదు. మా కాలేజీలో రికార్డు పుస్తకం అంటే సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించడమే. ముందు ఫలితం రాస్తారు, తర్వాత పరిశీలన రాస్తారు, ప్రయోగం మాత్రం ఎప్పటికీ చెయ్యరు. దాని మీద కళ్ళు మూసుకుని సంతకాలు పెట్టే మాస్టర్లని చూసి చూసి నాకు ఆ ఉద్యోగమంటేనే వెగటు పుట్టింది. ఇప్పుడు రిటైరయ్యాక, నా ఇంటి మేడ మీద, రుజువు కావాలని అడిగే జనం దొరికారు. ఎందుకు వదులుతాను?

మర్నాడు ట్యాంకు అడుగు నుంచి కాస్త మడ్డి తీయించి, నీళ్ళతో కలిపి బాగా మరిగించి చల్లార్చాను. పచ్చళ్ళ సీసాల్లో పోశాను. ఒకదానికి మూత లేకుండా వదిలేశాను. ఒకదానికి పల్చటి గుడ్డ కట్టాను. ఇంకోదాంట్లో ఎండుచేప ముక్క వేసి గుడ్డ కట్టాను. అందరూ మేడెక్కి చుట్టూ నిలబడ్డారు. పెళ్ళికి కూడా అంతమంది టైముకి రారు.

"అన్నీ బాగానే ఉన్నాయి గానండీ," అన్నారు సెక్రటరీ, "ఆవిడ చెయ్యి ముంచిన సీసా ఏదీ? అది లేకుండా మేం ఒప్పుకోం."

న్యాయమే అనిపించింది. ప్రతి అనుమానాన్నీ పరీక్షకి నిలబెట్టాలి, అదే కదా పద్ధతి. ఇంకో సీసా తెచ్చి, కింద మెట్లు కడుగుతున్న ఆమెని పిలిపించాను. ఏం చెయ్యాలో చెప్పాను. ఆమె నా వంక చూసింది, చుట్టూ ఉన్నవాళ్ళ వంక చూసింది.

"నా సెయ్యా అమ్మా?"

"ఊఁ, ఒక్కసారి ముంచు. నీ మంచికే."

ఆమె చేతిని చీర కొంగుకి ఒకటికి రెండుసార్లు తుడుచుకుంది. తుడవకు, అలాగే ముంచమన్నారు సెక్రటరీ. తుడిస్తే పరీక్ష చెడుతుందట! వేళ్ళు ముడిచి సీసా మూతిలోంచి దూర్చి, మణికట్టు దాకా నీళ్ళల్లో ఉంచింది. ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎందుకమ్మా, అక్కడ ఉన్నది కాచిన నీళ్ళు! నేను గుడ్డ కట్టి, దాని మీద దారం బిగించాను.

ఆ తర్వాత నేను చూసిన చేష్టలు తలుచుకుంటే ఇప్పటికీ కంపరమెత్తుతుంది. ఆమె అంట్లు తోమే రెండు ఇళ్ళవాళ్ళూ పనిలోంచి మానిపించారు, తేలేదాకా ఎందుకులే అని. లిఫ్టు బటన్ని మోచేత్తో నొక్కడం మొదలెట్టారు. ఆమె కడిగిన మెట్ల మీద ఒకాయన ఫినాయిల్ చల్లించుకుని మరీ దిగాడు. ఆ ఫినాయిల్ చల్లింది కూడా ఆమే! ఇంతా చేసి, అదే ట్యాంకు నీళ్ళతో అందరూ స్నానాలు చేస్తూనే ఉన్నారు, వడకట్టుకుని. నా నోట్లో మెసిలిన పురుగు మీద నాకు అసహ్యం తగ్గింది. పాపం, అది తన బతుకు తాను బతుకుతోంది. ఈ మనుషుల మీదే రోత పుట్టింది.

నేను రోజూ పొద్దున్నే మేడెక్కేదాన్ని. పోర్టు వైపు నుంచి గాలి వీచిన రోజున గుడ్డల మీద నల్లటి బొగ్గుపొడి పేరుకునేది. అది దులిపి, సీసాని వెలుతురుకి ఎత్తి చూసేదాన్ని. ఎండుచేప సీసా కుళ్ళి, మేడంతా ఒకటే కంపు. ఆ కంపుకి కూడా తిట్లు తిన్నది ఆమే. నా సీసాదమ్మా ఆ వాసన అని నేను గ్రూపులో పెడితే, ఎవరూ జవాబివ్వలేదు.

చివరికి తేలింది. మూత లేని సీసా అడుగున, మడ్డిలో, ఎర్రపురుగులు జరీపోగుల్లా మెదులుతున్నాయి. గుడ్డ కట్టిన సీసాలో ఒక్కటి లేదు. చేప సీసా చిక్కగా తెల్లబడి కంపు కొట్టింది తప్ప, ఎర్రపురుగు దాంట్లోనూ లేదు. ఆమె చెయ్యి ముంచిన సీసాలో మడ్డి అడుగుకి దిగిపోయి, నీళ్ళు తేటగా ఉన్నాయి.

ఆ సాయంత్రం మళ్ళీ సెల్లారులో కూర్చోబెట్టాను అందర్నీ. సీసాలు వరసగా పెట్టి, ఫోను లైటు వేసి చూపించాను. ఎర్రపురుగులున్న సీసా ముందుకి జరిపితే కుర్చీలు వెనక్కి జరిగాయి. తర్వాత ట్యాంకు మూత ఫొటో చూపించాను. దానికి బెత్తెడు కంత ఉంది, అందులోంచి సోలార్ హీటరు పైపు పోతోంది.

"మా పైపు వల్ల కాదండీ!" అన్నారు సెక్రటరీ. ఎవరి పైపో ఇంకా ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆయన వ్యవహారం.

స్టీలు ప్లాంటాయన పెద్దగా నవ్వి, "అయితే మేడమ్, నీళ్ళల్లో వాటంతటవే పుట్టవన్నమాట," అన్నాడు. పుట్టవండీ మహానుభావా అన్నాను. కంతకి జాలీ కొట్టించడానికీ, ట్యాంకు కడిగించడానికీ ఒప్పుకున్నారు. వాచ్‌మన్ కుటుంబం ఉండొచ్చన్నారు. "ఉండనిద్దాం పాపం," అన్నది, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకున్న ఆవిడే. ఆ పాపం అనే మాట విని నాకు చెంపలు వాయించాలనిపించింది. కానీ గెలిచిన మనిషిని కదా, ఊరుకున్నాను. ఆనందంతో నేలమీద కాలు నిలవలేదు. ఆ ఊపులోనే మెట్ల కింద గది తలుపు తట్టాను.

ఆమె గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. కూతురు పుస్తకాలు అప్పటికే కట్టగట్టి ఉన్నాయి.

"ఇంకెక్కడికీ పోనక్కర్లేదు," అన్నాను. "తేలిపోయింది. ఉండమన్నారు."

"ఎల్లిపోతన్నామమ్మా. పెందుర్తి కాడ మా ఆడబడుసోళ్ళ పక్కన గది సూసుకున్నాం. ఈయనికి అక్కడే కొత్త అపార్ట్‌మెంట్ల కాడ పని సెప్పారు."

"పిల్ల పరీక్షలో?"

"బస్సులో వొత్తాది."

"పిచ్చిదానా, నీ తప్పేం లేదని అందరి ముందూ రుజువు చేశాను! నీ చెయ్యి ముంచిన సీసాలో ఒక్క పురుగు లేదు. చూపించానా, నోళ్ళు మూసుకున్నారు."

"సూసానమ్మా, ఆ గోడెనకాల నిలబడి. మీరు శానా కష్టపడ్డారు. మీలాగ మా తరపున ఆళ్ళతోటి ఎవులూ మాటాడనేదు. అది నాను మర్సిపోను." ఆమె సంచి మూతి ముడేసి, పక్కన పెట్టింది. "ఒక్క మాట అడగతాను, కోపం సెయ్యకండి."

అడగమన్నాను.

"ట్యాంకు మూత కాడికి నానూ ఎల్తాను, ఆ సెక్రటరీగారూ ఎల్తారు, మీరూ ఎల్తారు. నా సెయ్యి ముంచిన సీసా అక్కడెట్టారు. ఆయన సెయ్యి ముంచిన సీసా ఏదమ్మా? మీ సెయ్యి ముంచింది ఏదీ?"

ఎత్తిపొడుపు కాదది. నేను పాఠం చెప్పే రోజుల్లో ఒక్క పిల్లయినా ఇలా అడిగితే బాగుండునని ఎదురు చూసిన గొంతు అది. ఆ సీసా లేదు. అది పెట్టాలని మా మేడ మీద నిలబడ్డ ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు.