పడుకోబెట్టి పోసిన రాగిసరి

2022 వానాకాలం. డెంకణికోటలో ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. ఆ ముసురుకు దగ్గు పిల్లలతో బెంచీలు నిండిపోయేవి. నాకేమో నోరు ఎక్కువ, ఓపిక తక్కువ.

ఒకరోజు మునెమ్మ అవ్వ ఏడు నెలల మనవరాలిని ఎత్తుకుని మళ్లీ వచ్చింది. కోడలు రూప బాగలూరు దగ్గర గులాబీ తోటలో పనికి పోతుంది కాబట్టి పాపను చూసుకునేది అవ్వే. వచ్చినప్పుడల్లా నెబులైజర్ పెట్టేవాళ్లం, అంటే మందును ఆవిరిలా పీల్పించే యంత్రం. ఛాతీ తేలికపడేది. ఇంటికి పోయిన కొన్నాళ్లకే మళ్లీ గురగుర.

"ఏం పెడతా ఉండావు అవ్వా?"

"రాగిసరేనమ్మా. రాగిపిండిని జారుగా కాస్తాను."

"ఎట్ల పెడతావు? ఈడ చూపించు."

అవ్వ నేల మీద కాళ్లు చాపి, పాపను వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టింది. చేతులు ఒడిసిపట్టి, ఉగ్గుగిన్నె ఒంచినట్టు చూపించింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది.

"ఏడిస్తేనే కదమ్మా నోరు తెరిచేది! అప్పుడు పోస్తే గుటుక్కున మింగుతాది."

ఏడుస్తూ గాలి పీల్చే బిడ్డకు ఆ సరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దాన్ని ఆస్పిరేషన్ అంటాం. రోజూ పోతే ఛాతీ చెడుతుంది.

"అయ్యో, ఇంక ఇట్ల పోయొద్దు అవ్వా! కూర్చోబెట్టి, స్పూన్‌తో, తానుగా నోరు తెరిస్తేనే పెట్టాల."

"నా బిడ్డలంతా ఇట్లనే పెరిగినారు కదమ్మా" అంది అయోమయంగా.

అప్పటికే పాప ఊపిరి అందక డొక్కలు ఎగరేస్తోంది. డాక్టరు వెంటనే కృష్ణగిరి పెద్దాసుపత్రికి పంపారు. పాప దక్కలేదు.

పాప పోయిన కొద్దిరోజులకు అవ్వ ఒక్కతే వచ్చింది. "నిజం చెప్పమ్మా. నేనే చంపుకున్నానా?"

కసురుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే నేను ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాను. "బిడ్డ ఆకలికే పెట్టినావు అవ్వా. నీకు ఎవరూ చెప్పలేదు" అన్నాను. అది నిజమే, కానీ ఆమెకు చాలలేదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

అప్పటి నుంచి ఏం పెడుతున్నారని అడిగి ఊరుకోను, ఎలా పెడుతున్నారో చేసి చూపించమంటాను.

తర్వాత రూపకు కొడుకు పుట్టాడు. వాడికి అన్నం ముట్టించే వయసులో అత్తాకోడళ్లు ఇద్దరూ వాడిని తీసుకొచ్చారు. అవ్వ గుమ్మం బయటే ఆగిపోయింది.

"నువ్వన్నా చెప్పక్కా. నేను తప్పు పట్టలేదు. అయినా అత్త బిడ్డను ముట్టుకోదు" అంది రూప.

అవ్వను లోపలికి పిలిచి, బాబును ఆమె ఒడిలో నిటారుగా కూర్చోబెట్టి, రూప తెచ్చిన సరిని స్పూనుతో తీసి ఆమె చేతికిచ్చాను. వాడు నవ్వుతూ నోరు తెరిచాడు. అవ్వ స్పూను వాడి పెదాల దాకా తెచ్చి చటుక్కున వెనక్కి లాక్కుంది, సరి అంతా ఒలికిపోయింది.

"వద్దు తల్లీ, నీకు దండం పెడతాను. నువ్వే పెట్టు" అంటూ స్పూను రూప చేతిలో పెట్టేసింది.

బిడ్డకు ఎలా తినిపించాలో ఎంతోమందికి నేర్పాను. ప్రేమగా పెట్టిన చేతికి పట్టుకున్న ఆ భయానికి మందు మాత్రం ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు దొరకలేదు.