చేపల ఐసు మీద గాజు పలకలు

పక్కింటాయన పోయిన కబురు నాకు ఐసు తెచ్చినవాడు చెప్పాడు. పొద్దున్నే సైకిలు వెనక గోనెలో చుట్టిన దిమ్మతో వచ్చి, మా పక్కింటి తలుపుకి తాళం చూసి, ఎవరికో ఫోను చేసి, నా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "దాదా నహీ రహే, పండిత్‌జీ. తెల్లారగట్ల ఆసుపత్రిలోనే..." అని ఆగి, మళ్లీ తనే, "ఈ బరఫ్ మీరు తీసుకుంటారా?" అన్నాడు. గోల్‌బజార్ చేపల వరుసలోంచి వచ్చిన ఐసు అది. వద్దన్నాను. దిమ్మని ఆయన గుమ్మం ముందే దించేసి వెళ్లిపోయాడు. మా సుభాష్‌పల్లి సందు వాలు నా ఇంటివైపే. మధ్యాహ్నానికి ఆ నీళ్లన్నీ నా గుమ్మంలోకి వచ్చి నిలిచాయి. పోయాక కూడా ఆయన నన్ను వదిలిపెట్టలేదనుకున్నాను.

చర్చిలో ఆయన సంతాపానికి పెట్టిన ఆదరణ కూడికకు వెళ్లాను. పాస్టరుగారు చాలా బాగా మాట్లాడారు. "ఎవరూ నేర్పకుండానే ఇంత విద్య సంపాదించిన సహోదరుడు" అన్నారు. నేను చివరి బెంచీలో ఉన్నాను. అలాంటి చోట లేచి నిలబడి కాదనడం బాగుండదని కూర్చున్నాను. ఇప్పుడు ఈ కాగితం మీద లేచి నిలబడుతున్నాను. నేర్పినవాణ్ని నేను.

ఫిల్ము రాకముందు ఫొటోలు గాజు మీద పట్టేవారు. జెలటిన్‌లో వెండి లవణం కలిపి, ఆ మందుని పలుచగా గాజుకి పోసి, చీకట్లో ఆరబెడితే అదే ప్లేటు. పెద్ద పెట్టె కెమెరాలున్న సరదారాయుళ్లకి ఇప్పటికీ అవి కావాలి. చేత్తో చేసేవాళ్లే దేశంలో పట్టుమని పదిమంది ఉండరంటారు. వాళ్లలో ఒకడు మా పక్కింట్లో ఉండేవాడు. ఉద్యోగం రైలు పట్టాల గ్యాంగులో. చదువు అంతంతమాత్రం. నేనేమో రైల్వేవాళ్ల లైబ్రరీలో ఉద్యోగమంతా గడిపినవాణ్ని. అక్కడ చదవని బీరువా లేదు.

మూతపడ్డ స్టూడియో ఒకటి సామాను అమ్ముకుంటే ఆయన ఒక చెక్క కెమెరా కొనుక్కొచ్చాడు. ఆ సాయంత్రమే నా అరుగు మీదికొచ్చాడు. "ఏటండి పంతులుగారూ, ఈ పెట్టెకి ఫిల్ము దొరకదంట. గాజుకి మందు పోసుకోవాలంట. మీ పుస్తకాల్లో ఎక్కడో ఉంటాది గదా, సదివి సెప్పండి."

వెతికి పట్టుకున్నాను. చెదలు తిన్న ఇంగ్లీషు పుస్తకం. ఆదివారం చర్చి అవగానే వచ్చేవాడు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పేవాణ్ని. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. ఒక్క ముక్క రాసుకోలేదు. "రాసుకోవయ్యా" అంటే, "సెవిలో ఎట్టుకున్నాను లెండి" అనేవాడు. ఎన్ని ఆదివారాలో గుర్తులేదు. పుస్తకం అయిపోయింది. ఆయన మందు కలిపాడు. మొదటిసారే కుదిరింది.

నేనూ కలిపాను. అదే పుస్తకం, అవే పాళ్లు. నా మందు గాజు మీద ఒక పక్కకి జారిపోయేది. ఆరిందనుకుని నీళ్లలో ముంచితే కాచిన పాల మీద మీగడలా ముడతలు పడి లేచిపోయేది. మళ్లీ చేశాను. మళ్లీ లేచిపోయింది. సందులో ఎదురైనప్పుడల్లా ఆయన అడిగేవాడు, "ఏటండీ, మళ్లీ ఊడొచ్చీసిందా?" ఆ అడగడంలో వెటకారం లేదని మా ఆవిడ అనేది. నాకు వినిపించేది.

ఆయన ప్లేట్లకి పేరొచ్చింది. ప్రేమ్‌బజార్ నుంచి కాలేజీ విద్యార్థులు సైకిళ్ల మీద వచ్చేవారు. ఎక్కడెక్కడికో పార్సిళ్లు వెళ్లేవి. వచ్చినవాళ్లంతా ముందు నా గేటే కొట్టి ఆయన ఇల్లెక్కడని అడిగేవారు. వేలు చూపించి చూపించి నా చెయ్యి అరిగిపోయింది. ఒకసారి ఒక కుర్రాడితో, ఆ ప్లేట్లలో లోపముంది చూసుకో అన్నాను. నిజంగానే ఉంది. మందు పోసేటప్పుడు ఆయన గాజుని ఎడమ మూల బొటనవేలితో పట్టుకునేవాడు. అక్కడ మందు అంటదు. ప్రతి ప్లేటుకీ ఆ మూల అర్ధచంద్రంలా ఖాళీ. పుస్తకంలో అలా పట్టుకోకూడదని, రబ్బరు పిడి వాడాలని స్పష్టంగా ఉంది, నేనే చదివి చెప్పాను. ఆ కుర్రాడు నవ్వి, "ఆ గుర్తు కోసమే కొంటున్నాం సార్" అన్నాడు.

మా ఆవిడ కూడా ఒకసారి ఆయన కెమెరా ముందు కూర్చుంది. ఆ ప్లేట్లలో ఎరుపు నల్లగా పడుతుంది. ఆవిడ ఎర్రచీర, బొట్టు అన్నీ నలుపు. కదలకుండా చాలాసేపు ఉండాలి కాబట్టి అందరి మొహాలూ బిగుసుకుపోతాయి. ఆవిడ మాత్రం నవ్వుతోంది. నేను తీసిన ఏ ఫొటోలోనూ ఆవిడ నవ్వలేదు. ఏం చెప్పి నవ్వించాడని అడిగితే, "ఏమీ చెప్పలేదు, నాతోపాటు ఆయన కూడా ఊపిరి బిగబట్టాడు, అది చూసి నవ్వొచ్చింది" అంది. ఆవిడ పోయాక నాకు మిగిలిన మంచి పటం అదొక్కటే. ఇంటికొచ్చినవాళ్లకి చూపిస్తాను. ఎవరు తీశారో ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఏదో ఒక మెట్టు ఆయన నాకు చెప్పకుండా దాచాడని నా నమ్మకం. ఒకరోజు ఉండబట్టలేక ఆయన అరుగు మీద కూర్చునే అడిగేశాను.

"దాసడానికేటుందండీ? మన ఎండలకి మందు గడ్డకట్టదు. మీరు రాతి కిందెట్టే ఫ్రిజ్జు ఐసుముక్కలు నాలుగో పలకకే నీరైపోతాయి. గోల్‌బజార్ సేపల కాడ దిమ్మ తెచ్చి సలవరాతి కిందెట్టండి. అంతే."

"చేపల ఐసు మా ఇంట్లోకా?" అన్నాను.

"జెలటిన్ అంటే పశువుల ఎముకల జిగురని మీరే గదండీ సదివినారు. ఎముకలకి లేని మడి ఐసుకెందుకండీ?"

ఆయన భార్య కిటికీలోంచి కిసుక్కున నవ్వింది. నన్ను ఆటపట్టించడానికే ఆ మాటన్నాడని లేచి వచ్చేశాను. ఆ ఏడంతా మాట్లాడలేదు. ఆయన మాత్రం రోజూ గేటు దగ్గర చెయ్యెత్తి దండం పెట్టేవాడు.

కూడిక అయిన మర్నాడు ఆయన భార్య మా ఇంటికొచ్చింది. "అన్నగారూ, ఆయన ఎవరికో ఒక డజను ప్లేట్లు మాటిచ్చీసినారు. మందు కలిపీసి ఫ్రిజ్జులో ఎట్టున్నాది. ఎక్కువ రోజులుండదు. మీరు పోసీండి."

నా చేతిలో నిలవదని చెప్పాను. "మీ చేతులో కాకపోతే ఇంకెవరి చేతులో నిలుస్తాది?" అంది.

గోల్‌బజార్ చేపల వరుసలోకి ఈ వయసులో మొదటిసారి వెళ్లాను. ఐసువాడు నన్ను చూసి కత్తి కింద పెట్టేశాడు. "అరె పండిత్‌జీ, ఆప్?" దిమ్మని తనే గోనెలో చుట్టి, రిక్షాలో నా కాళ్ల దగ్గర పెట్టి, "ఠీక్ హై, దాదా బోలేథే ఆప్ ఆయేంగే ఏక్ దిన్" అన్నాడు. ఏదో ఒకరోజు నేను వస్తానని ఆయన ముందే చెప్పి పెట్టాడట. వాడి కేకకి బేరమాడేవాళ్లంతా నావైపు తిరిగారు.

వాళ్లింట్లో కిటికీలకి నల్లబట్ట కట్టి, ఆ మందుకి సోకని ఎర్రదీపం వేసుకున్నాం. చలవరాతిని ఐసు మీద పెట్టి, ఆయన పట్టాల దగ్గర మట్టం చూడ్డానికి వాడిన లెవెల్‌తోనే సరిచేశాను. ఆవిడ మందు కరిగిస్తూ, లోపల్లోపల ఏదో వల్లిస్తోంది. చెవి పెట్టాను. "వెచ్చగా కరిగించవలెను, నురుగు రానీయకుండా కలుపవలెను..." నా తెలుగు. నా ఆదివారాల తెలుగు. గిన్నె దించి, పక్కన పెట్టి, ఆవిడ అంది, "ఉండవయ్యా, కళ్లజోడు తుడుచుకోనీ."

"అదేమిటి?" అన్నాను.

"ఏమో అన్నగారూ, ఆయన ప్రతిసారీ ఇక్కడ ఆ మాటనేవోరు. అనీసి చొక్కా అంచుతో కళ్లు తుడుచుకునీవోరు. ఆయనకి జోడెక్కడిది! అంతలోకి బుడగలన్నీ పైకి తేలిపోయీవి. అప్పుడు పోసీవోరు."

పుస్తకంలో ఆ మాట లేదు. ఆ ఆదివారాల్లో చదువుతుండగా చెమటకి నా అద్దాలు మసకబారితే నేను ఆగి అన్న మాట అది. నేను మాత్రం మందు పోసేటప్పుడు ఒక్కసారీ ఆగలేదు.

నేను నేర్పానని చర్చిలో చెప్పాల్సిన ముక్కని ఇంట్లో, చీకటి గదిలో, భార్యకి మాత్రమే వినిపించేలా ముప్పై ఏళ్లు చెప్పుకున్నాడు. ఇందుకూ నాకు కోపమే వచ్చింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. కొంచెం ఎక్కువసేపే పట్టింది.

రబ్బరు పిడి ఇంట్లో మరిచిపోయాను. గాజుని ఎడమ మూల బొటనవేలితో పట్టుకుని మందు పోశాను. నాలుగు వైపులకీ వాల్చాను. రాతి మీద పెట్టాను. ఒకదాని పక్కన ఒకటి, పన్నెండు. నాలుగోది దాటేటప్పుడు ఆవిడ నా మొహం చూడలేదు, రాయి కిందే చూసింది. ఐసు ఇంకా దిమ్మగానే ఉంది.

కాసేపటికి మొదటి పలకని తీసి నిలువుగా ఎత్తాను. మందు కదల్లేదు. ఎడమ మూల అర్ధచంద్రంలా గాజు ఖాళీగా ఉంది. ఎర్రదీపం వెలుగులో దాని వెనక నా బొటనవేలు కనిపించింది. గోరు మీద ఒక చేప పొలుసు అంటుకుని మెరుస్తోంది.