తెబానో కొనని పడవ

రుతేరుకి మనుషులంటే చులకన. ఇరవై రెండేళ్లు సరుకు ఓడల ఇంజన్ గదుల్లో బతికి అబైయాంగ్ దీవిలోని సొంత ఊరికి తిరిగొచ్చాక, వాళ్ల మీద మిగిలిన ఆ కాస్త గౌరవమూ పోయింది. పాత పడవ కొనబోయే ప్రతివాడూ ముందు అతని గుమ్మం తొక్కేవాడు, తర్వాత అతనిచేత తిట్లు తినేవాడు. ఇంజన్ చూడరా అంటే రంగు చూస్తారు వెధవలు, అనేవాడు. అందులో అబద్ధమేమీ లేదు.

వాళ్లందరిలోకీ అతనికి మరీ లోకువ సొంత చెల్లెలి మొగుడు తెబానో. చేపలు పక్క దీవి తరావా సంతకి తీసుకెళ్లి అమ్ముకోవడానికి వాడికి పడవ కావాలి. రెండు దీవుల మధ్య నీళ్లలో ఇంజన్ ఆగిందా, ప్రవాహం పడవని మహాసముద్రంలోకి ఈడ్చుకుపోతుంది. అలా పోయినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు తక్కువ. వారానికి మూడుసార్లు ఆ నీళ్లు దాటాల్సిన మనిషి, తరావాలో కబురోరో అనేవాడు అమ్మకానికి పెట్టిన పడవని చూసి, "నీలం రంగు భలే ఉంది బావా" అన్నాడు. రుతేరు మూతి తిప్పుకున్నాడు.

ముందుగా ఇంజన్ మూత మీద చెయ్యేశాడు. వెచ్చగా తగిలింది. మేమొస్తున్నామని తెలిసి ముందే నడిపి ఉంచావా, చల్లగా ఉంటే లేవదా, అని నిలదీశాడు. ఎండ కదన్నా, అన్నాడు కబురోరో. కొబ్బరిచెట్ల నీడలో ఉన్న పడవకి ఎండ ఎక్కడిది? చల్లారేదాకా కదిలేది లేదని రుతేరు ఇసుకలో చతికిలబడ్డాడు. ఈలోగా కబురోరో పెళ్లాం పుల్లటి కొబ్బరికల్లు, వేయించిన చేప తెచ్చింది. తెబానో తిన్నాడు, పొగిడాడు, ఇంకా కొనని పడవకి తన పెళ్లాం పేరు కూడా పెట్టేశాడు. వాళ్ల వెంట వచ్చిన రుతేరు చెల్లెలు అకోయా సిగ్గుపడింది. సిగ్గులేనిది మొగుడికే.

ఇంజన్ చల్లారాక, వాళ్లిద్దరినీ తిండి దగ్గర వదిలేసి రుతేరు పనిలో దిగాడు. నట్ల మీద కొత్త రంగు పగిలి ఉంది, మొన్నమొన్ననే పానా పడింది. గేరు నూనె పాలు కలిపిన టీలా తెల్లగా కారింది, అంటే లోపలికి నీళ్లు చేరాయి. మూడు ప్లగ్గులూ ఊడదీసి, ఒక్కో రంధ్రం మీద బొటనవేలు అదిమి తాడు లాగాడు. పై రెండు సిలిండర్లూ వేలిని ఎగదన్నాయి. అడుగుది తుస్సుమంది, అంటే నడినీళ్లలో ఆగిపోయే ఇంజన్. పైన పటారం, లోన లొటారం.

అప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడు కబురోరో. గొంతు తగ్గించి, వాళ్ల తాతా రుతేరు అమ్మమ్మా ఒకే ఇంట్లో పుట్టారని, ఏ ఊరో ఏ ఇల్లో పేర్లతో సహా చెప్పాడు. అది నిజమే.

"ఒక గడపవాళ్లం అన్నా. బుబుసి అడుగుతున్నా. ఆ సిలిండర్ సంగతి వాళ్లకి చెప్పకు."

చుట్టం నోరు తెరిచి బుబుసి అన్నాక కాదంటే మా దీవుల్లో మళ్లీ తలెత్తుకు తిరగలేం. అడిగినవాడికి పందిని, సైకిల్‌ని, చివరికి వలని కూడా ధారపోసే జనాన్ని వెన్నెముక లేని పీనుగులని రుతేరు జన్మంతా వెక్కిరించాడు. ఇప్పుడు తనూ కాదనలేకపోయాడు. వాడి మీద కంటే తన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

"సరే, చెప్పను. నీ మొహం మాత్రం నాకింకెప్పుడూ చూపించకు" అన్నాడు.

చేతులు తుడుచుకుంటూ తెబానో లేచి ఎదురొచ్చాడు. వెనకే అకోయా. ఎలా ఉందన్నా, అని అడిగింది. రుతేరు చెల్లెలి వైపు చూడలేదు.

"బావా, నిన్నొకటి అడుగుతున్నా. బుబుసి. ఈ పడవ కొనకు."

"ఏం? ఇంజన్ బాలేదా?"

"ఇంజన్ గురించి నేనేమీ చెప్పను. అడిగాను, అంతే."

ఇంజన్ బంగారమని వెనకనుంచి కబురోరో అందుకున్నాడు. తెబానో ఆ నీలం పడవ వైపు చాలాసేపు చూశాడు. వాడికీ కాదనే దారి లేదు.

"కొనను. నువ్వు అడిగావు కాబట్టి కొనను. నీకు పడవ లేదు, నాకుంటే నీ కళ్లు మండుతాయి. ఇంత కుళ్లుబోతువని తెలీదు బావా."

అకోయా మొగుడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి అన్నతో మాటల్లేవు. రెండేళ్లయింది. ఇప్పటికీ తెబానో ఒడ్డుకి దూరం పోకుండా తెడ్డు పడవలోనే చేపలు పట్టి, ఊళ్లోనే తక్కువకి అమ్ముకుంటాడు. దారిలో రుతేరు ఎదురైతే ఆగి, అందరూ చూసేలా ఇసుకలో ఉమ్మేస్తాడు.

దరిద్రుడు, ఉమ్మడానికి బతికే ఉన్నాడు, అనుకుంటూ రుతేరు నడిచి వెళ్లిపోతాడు.