హ్యాపీ అట్ట

పాత డైరీలను ఎండలో పెడుతుంటే ఒకదానిలోంచి అట్టముక్క జారిపడింది. దానిమీద నీలిసిరాతో ఇంగ్లీషులో 'హ్యాపీ' అని ఉంది.

ముదిగుబ్బ దగ్గర మా ఊరి బడిలో అయ్యవారు మమ్మల్ని వరుసలుగా నిలబెట్టి ఇంగ్లీషు వాక్యాలు నేర్పేవారు. ఒకడి చేతిలో 'ఐ' అట్ట, పక్కవాడి చేతిలో 'వాజ్', చివరివాడికి సంతోషం 'హ్యాపీ' గానీ దుఃఖం 'శాడ్' గానీ. సాయంత్రం ఎవరి అట్ట వాళ్ళు ఇంటికి తీసుకుపోయి చదువుకోవాలి. ఏ మాట తీసుకుపోతే అది ఇంటికి అంటుకుంటుందని మా పిల్లల నమ్మకం.

ఒక ఏడు వానల్లేక చెనిగ చేలు, అంటే వేరుశనగ చేలు, ఎండిపోయాయి. ఒకరోజు నాకు శాడ్ వచ్చింది. ఎవరూ చూడకుండా దాన్ని పక్క వరుసలోని నా స్నేహితుడు ఓబులేసు సంచిలో వేసి, వాడి హ్యాపీ తీసుకున్నాను.

మర్నాడు వాడు ఉబ్బిన కళ్ళతో వచ్చాడు.

"మా నాయన ఎద్దులను సంతలో అమ్మేసినాడురా."

చేసిన పని చెప్పేసి, హ్యాపీ వాడి చేతిలో పెట్టబోయాను.

"థూ, పిచ్చోడా! అట్టకేం తెలుస్తాదిరా? మేత లేక అమ్మినాడు. అది నీ కాడే ఉండనీ. మళ్ళా ఎద్దులు కొన్నప్పుడు అడుగుతా."

హ్యాపీ నా దగ్గరే పోయిందని చెబితే అయ్యవారు నన్ను తిట్టి, కొత్తది రాశారు. ఆ రోజు శాడ్ నేనే అడిగి తీసుకుని వరుస చివర నిలబడ్డాను. ఇంటికి వెళ్ళి 'ఐ వాజ్ శాడ్' అన్న ఆ వాక్యాన్ని తేదీ వేసి రాసుకున్నాను. నా డైరీలలో మొదటి వాక్యం అదే.

ఓబులేసు అట్ట ఎన్నడూ అడగలేదు. దాన్ని మళ్ళీ ఆ మొదటి వాక్యం ఉన్న పుటలోనే పెట్టాను.